రక్తం గ్రూపు పక్కాగా తేల్చడం ఎలా? రెండు వైపులా చేసే ట్యూబ్ పరీక్ష

గాజు పలక మీద మూడు చోట్ల రక్తపు చుక్క, పక్కన మూడు రకాల యాంటీసీరా (రక్తకణాల మీది గుర్తులకు అతికే యాంటీబాడీలున్న ద్రవాలు), పుల్లతో కలిపి అటూ ఇటూ ఊపడం, రెండు నిమిషాల్లో "ఓ పాజిటివ్" అని చీటీ. హెల్త్ క్యాంపుల్లో జరిగేది ఇంతే. అది సగం పరీక్ష. ఆ సగాన్నే కాలేజీ ఐడీ కార్డు మీద, డ్రైవింగ్ లైసెన్సు మీద అచ్చు వేయించుకుని జీవితాంతం నమ్ముతున్నారు. బ్లడ్ బ్యాంకులో రోజూ ఇదే పనిచేసే నాకు అది చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. మిగతా సగానికి పట్టే సమయం ఏమంత ఎక్కువ కాదు.

ముందు రెండో సగం ఎందుకు కావాలో చెబుతాను, అది తెలియకుండా ట్యూబు పట్టుకోవడం దండగ. ఎర్ర రక్తకణం పైన చక్కెర అణువుల గొలుసులుంటాయి. దాదాపు అందరిలోనూ ఆ గొలుసు చివర ఫ్యూకోజ్ అనే చక్కెర ఉంటుంది, దాన్ని హెచ్ యాంటీజెన్ అంటారు. ఎ జన్యువు ఉన్నవాళ్లలో ఒక ఎంజైము దానికి ఎన్-ఎసిటైల్ గాలక్టోసమైన్‌ని తగిలిస్తుంది, బి జన్యువు ఉన్నవాళ్లలో గాలక్టోజ్‌ని తగిలిస్తుంది. ఈ రెండు ఎంజైముల మధ్య తేడా 354 అమైనో ఆమ్లాల్లో నాలుగు మాత్రమే. ఓ గ్రూపువాళ్లలో ఎక్కువమందికి 9వ క్రోమోజోము మీద ఆ జన్యువులో 261వ స్థానంలో ఒక్క గ్వానిన్ లోపించి ఉంటుంది. అక్కడి నుంచి మిగతా అక్షరాల వరస మొత్తం జరిగిపోయి ఎంజైము పనికిరాకుండా పోతుంది, గొలుసు హెచ్ దగ్గరే ఆగిపోతుంది.

ఇది కణం వైపు కథ. సీరం (రక్తం గడ్డ కట్టాక పైన తేరే ద్రవం) వైపు దానికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. మన కణాల మీద ఏ చక్కెర లేదో దానికి అచ్చంగా అతికే యాంటీబాడీ మన సీరంలో ఉంటుంది. పేగుల్లోని బ్యాక్టీరియా మీద కూడా ఇలాంటి చక్కెరలే ఉండటం వల్ల, పుట్టిన 3 నుంచి 6 నెలల్లో బిడ్డ శరీరం వీటిని తయారు చేసుకోవడం మొదలుపెడుతుంది. ఎ గ్రూపు మనిషి సీరంలో యాంటీ-బి, బి గ్రూపు మనిషిలో యాంటీ-ఎ, ఓ గ్రూపులో రెండూ, ఎబిలో ఏదీ ఉండదు. వియన్నాలో కార్ల్ లాండ్‌స్టైనర్ 1901లో ప్రచురించిన పరిశీలన, ఎబి తప్ప, ఇదే, 1930లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది కూడా దీనికే. యాంటీబాడీ తనకు సరిపడే చక్కెర ఉన్న కణాలను కలిపి ముద్ద కట్టిస్తుంది, మనం చూసేది ఆ ముద్దనే. కాబట్టి కణాలను పరీక్షిస్తే (ఫార్వర్డ్) సీరంలో ఏముండాలో తెలుస్తుంది, సీరాన్ని పరీక్షిస్తే (రివర్స్) కణాల మీద ఏముండాలో తెలుస్తుంది. రెండూ ఒకే మాట చెబితేనే అది గ్రూపు.

కావలసినవి

ఊదా మూత ఈడీటీఏ (గడ్డ కట్టకుండా ఆపే రసాయనం) ట్యూబులో తీసిన రక్తం, సీరం కావాలంటే ఏ రసాయనమూ లేని ట్యూబులో తీసి గడ్డ కట్టనిచ్చిన రక్తం, యాంటీ-ఎ (నీలం), యాంటీ-బి (పసుపు), పాజిటివా నెగెటివా తేల్చే యాంటీ-డి (రంగు ఉండదు), 0.9 శాతం సెలైన్, గ్రూపు తెలిసిన ఎ, బి, ఓ కణాలు, చిన్న గాజు ట్యూబులు, డ్రాపర్లు, సెంట్రిఫ్యూజ్, గ్లవ్స్. ప్లాస్టిక్ ట్యూబులు వద్దు, గాజువే వాడండి. యాంటీసీరా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో ఉండాలి, పని అవగానే మళ్లీ లోపల పెట్టాలి. రక్తం తీసిన మంచం దగ్గరే ట్యూబు మీద పేరు, నంబరు రాయాలి, టేబుల్ దగ్గరికి తెచ్చాక కాదు. తప్పు గ్రూపు రక్తం ఎక్కి ప్రాణాలు పోయిన సంఘటనల్లో ఎక్కువ వాటికి మూలం ఈ పేర్ల తారుమారే.

ఒకటి: కణాలు కడగడం

రక్తాన్ని తిప్పి పైన తేరిన ప్లాస్మాను వేరే ట్యూబులోకి తీసి పెట్టుకోండి. కింద కణాలను సెలైన్‌తో మూడుసార్లు కడగండి. కడిగిన కణాలు ఒక చుక్క, సెలైన్ 19 చుక్కలు కలిపితే 5 శాతం మిశ్రమం తయారవుతుంది. కంటి అంచనాతో కలపకండి, చుక్కలు లెక్కపెట్టండి. కణాలు మరీ చిక్కగా ఉంటే యాంటీబాడీ చాలదు, మరీ పలుచగా ఉంటే ముద్ద కట్టినా కనపడదు.

తెలిసిన గ్రూపుల ఎ, బి, ఓ కణాలను కూడా ఇలాగే కడిగి సిద్ధం చేసుకోవాలి. ఒక్కో గ్రూపుకు ముగ్గురు దాతల కణాలు కలిపి, ఏ రోజుకారోజు చేసుకోండి.

రెండు: ట్యూబులు నింపడం

ఎడమ నుంచి కుడికి ఏడు ట్యూబులు వరుసగా పెట్టండి: యాంటీ-ఎ, యాంటీ-బి, యాంటీ-డి, తర్వాత ఎ కణాలు, బి కణాలు, ఓ కణాలు, చివర ఆటో కంట్రోల్. ఈ వరస మార్చకూడదు. మొదటి మూడింటిలో ఆ యాంటీసీరా ఒక్కో చుక్క, తర్వాత నాలుగింటిలో రోగి సీరం లేదా ప్లాస్మా రెండేసి చుక్కలు వేయండి. అవి పడ్డాయని కళ్లారా చూసుకున్నాకే కణాల చుక్క వేయాలి. మొదటి మూడింటికి రోగి కణాలు, తర్వాత మూడింటికి తెలిసిన కణాలు, చివరిదానికి మళ్లీ రోగి కణాలే. ముందు కణాలు వేసేస్తే ట్యూబు ఎర్రగా కనపడుతుంది, సీరం వేశామో లేదో ఇక తెలియదు. సీరం పడని ట్యూబు ఎప్పుడూ నెగెటివే చూపిస్తుంది.

మూడు: తిప్పడం

గది ఉష్ణోగ్రతలో 5 నుంచి 10 నిమిషాలు ఉంచి, 1000 ఆర్‌పీఎం దగ్గర ఒక నిమిషం తిప్పండి. మీ రియాజెంట్ పెట్టెలోని కాగితంలో వేరే సమయం ఉంటే అదే పాటించండి.

నాలుగు: చదవడం

అందరూ పాడుచేసేది ఇక్కడే. కాబట్టి ఇక్కడ నెమ్మదించండి.

ట్యూబు తీయగానే ఊపకండి. ముందు పైనున్న ద్రవం రంగు చూడండి. అది ఎర్రబడి ఉంటే కణాలు పగిలిపోయాయని అర్థం. రివర్స్ ట్యూబుల్లో అది కూడా పాజిటివే. యాంటీబాడీ కణానికి అతుక్కున్నాక రక్తంలోని కాంప్లిమెంట్ ప్రొటీన్లు ఆ కణాన్ని చిల్లులు పొడిచాయన్నమాట. అడుగున ముద్ద లేదు కదా అని నెగెటివ్ రాసేవాళ్లున్నారు, అక్కడ ముద్ద కట్టడానికి కణాలే మిగల్లేదని ఆలోచించరు. ఇంకో సంగతి, ఈడీటీఏ కాల్షియాన్ని పట్టేస్తుంది కాబట్టి ప్లాస్మాలో కాంప్లిమెంట్ పనిచేయదు, ఈ పగలడం సీరంతో చేసినప్పుడే కనపడుతుంది. అందుకే వీలైనప్పుడల్లా రివర్స్ గ్రూపింగ్ సీరంతోనే చేయాలి.

ఇప్పుడు ట్యూబును వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చాలా మెల్లగా వాల్చండి. వేలితో కొట్టొద్దు, అదరగొట్టొద్దు. అడుగున అంటుకున్న కణాల బొత్తం వైపే చూస్తూ ఉండండి, అది పూర్తిగా ఊడిన తర్వాత కాదు, ఊడుతున్నప్పుడే ఫలితం తెలుస్తుంది. నెగెటివ్ అయితే బొత్తం అంచు నుంచి కణాలు సన్నటి ధారగా జారి ద్రవంలో సమంగా కలిసిపోతాయి. పాజిటివ్ అయితే అంచు చిరిగినట్టు ఉంటుంది, ముక్కలుగా లేస్తుంది. మొత్తం ఒకే ముద్దగా లేచి చుట్టూ ద్రవం తేటగా ఉంటే 4+. రెండు మూడు పెద్ద ముద్దలైతే 3+. ఓ మోస్తరు ముద్దలు చాలా ఉండి ద్రవం తేటగా ఉంటే 2+. సన్నటి రవ్వలు, వెనక ద్రవం ఎర్రగా మసకగా ఉంటే 1+. కొన్ని ముద్దలుండి మిగతా కణాలన్నీ విడివిడిగా ఉంటే అది మిక్స్‌డ్ ఫీల్డ్. ఈమధ్యే వేరే గ్రూపు రక్తం ఎక్కించుకున్నవాళ్లలో అలా వస్తుంది.

గట్టిగా ఊపితే 1+, 2+ ముద్దలు విడిపోయి నెగెటివ్ అయిపోతాయి. యాంటీబాడీకీ చక్కెరకూ మధ్య గట్టి రసాయన బంధమేమీ లేదు. రెండింటి ఆకారాలు ఒకదానికొకటి సరిపోయి దగ్గరకు వస్తే, హైడ్రోజన్ బంధాల వంటి బలహీనమైన ఆకర్షణలన్నీ కలిసి పట్టి ఉంచుతాయంతే. యాంటీ-ఎ, యాంటీ-బి ఎక్కువగా ఐజీఎం రకం, ఒక్కోదానికి పది చేతులుంటాయి కాబట్టి దూరంగా ఉన్న కణాలను కూడా కలపగలుగుతాయి. అంత సున్నితమైన పట్టును మీ మణికట్టు ఒక్క కుదుపుతో వదిలించేస్తుంది.

చూసిన వెంటనే అంకె రాయండి. ఏడు ట్యూబులూ చూసి తర్వాత జ్ఞాపకం మీద రాయడం కుదరదు. రోగి పాత రిపోర్టు ముందే చూడకండి, చూస్తే కళ్లు దానికి తగ్గట్టే చదువుతాయి. మైక్రోస్కోపు కూడా చివరకే. ముందు కంటితో నిర్ణయం రాసి, అనుమానం ఉన్న ట్యూబునే స్లైడు మీద చూడాలి.

పలక పద్ధతి మీద నా అభ్యంతరం కూడా ఇక్కడే. మన ఎండల్లో ఫ్యాన్ కింద పలక మీది చుక్క అంచు రెండు నిమిషాల్లో ఎండుతుంది, ఎండిన అంచు అచ్చం ముద్దలు కట్టినట్టే కనపడుతుంది. పైగా బలహీనమైన యాంటీబాడీలను పలక పట్టుకోలేదు కాబట్టి దాని మీద సీరం వైపు పరీక్ష చేయడం కుదరదు. జెల్ కార్డులు (జెల్ నింపిన సన్నటి గొట్టాలున్న రెడీమేడ్ కార్డులు) మంచివే, ఖర్చు పెట్టగలిగితే వాడుకోండి. కానీ ట్యూబు చదవడం రానివాళ్లకు కార్డులో తేడా వస్తే ఏం చేయాలో తోచదు.

ఐదు: రెండు వైపులూ పొసగకపోతే

గ్రూపు రాయకండి. కడిగిన కణాలతో మళ్లీ మొదటి నుంచి చేయండి. అప్పటికీ తేడా వస్తే రోగి వయసు, జబ్బు, ఈమధ్య రక్తం ఎక్కించుకున్నారా, మూలుగ మార్పిడి జరిగిందా కనుక్కోండి. ఉండాల్సిన ముద్ద లేకపోతే పసిపిల్లలా, బాగా వయసు మళ్లినవాళ్లా చూడండి, వాళ్లలో యాంటీబాడీలు తక్కువ. నాలుగు నెలల లోపు బిడ్డకు రివర్స్ చేయడంలో అర్థం లేదు.

ఉండకూడని ముద్ద ఉంటే ఓ కణాల ట్యూబు, ఆటో కంట్రోల్ చూడండి. రెండూ పాజిటివ్ అయితే చలికి పనిచేసే ఆటో యాంటీబాడీ కావచ్చు, 37 డిగ్రీల సెలైన్‌తో కణాలు కడిగి చూడాలి. లేదా సీరంలో ప్రొటీన్లు పెరిగి కణాలు నాణాల దొంతరల్లా పేరుకుని ఉండొచ్చు. అది తేలాలంటే ట్యూబు తిప్పి, సీరం తీసేసి, అంతే సెలైన్ పోసి, కలిపి మళ్లీ తిప్పండి. దొంతరలైతే విడిపోతాయి, నిజమైన ముద్దలైతే నిలుస్తాయి.

ఫార్వర్డ్‌లో ఎ వచ్చి రివర్స్‌లో ఎ కణాలు కూడా ముద్ద కడితే, అతను ఎ2 అనే ఉపగ్రూపు అయి, మామూలు ఎ (ఎ1) కణాలకు అతికే యాంటీ-ఎ1 తయారు చేసుకుని ఉండొచ్చు. దీన్ని తేల్చే రియాజెంట్ మన ఉలవల నుంచి తీసినది. ఉలవల్లోని ఒక ప్రొటీను ఎ1 కణాల చక్కెరకు సరిగ్గా అతుకుతుంది, తగినంత పలుచన చేస్తే ఎ2ని వదిలేస్తుంది. అప్పటికీ తెగకపోతే డీఎన్ఏ పరీక్షకు పంపాలి. అక్కడా ఇదే సూత్రం: డీఎన్ఏ అక్షరాల్లో ఎ ఎదురుగా టి, జి ఎదురుగా సి వచ్చేలా తయారుచేసిన చిన్న డీఎన్ఏ ముక్క తన జతను వెతుక్కుని అతుకుతుంది.

ఆరు: ఆర్‌హెచ్

డి యాంటీజెన్‌కు సహజంగా వచ్చే యాంటీబాడీ ఉండదు, అందుకే దీనికి రివర్స్ లేదు. దాత రక్తం డి నెగెటివ్ అని వస్తే అక్కడితో ఆపకూడదు, 37 డిగ్రీల దగ్గర ఉంచి కూంబ్స్ సీరంతో (కణాలకు అతుక్కున్న యాంటీబాడీలను పట్టి ముద్ద కట్టించే ద్రవం) బలహీనమైన డి ఉందేమో చూడాలి. ఉంటే ఆ దాతను పాజిటివ్‌గానే రాయాలి.

ఏడు: ఓ అని రాసేముందు

ఓ కణాల ట్యూబు ఎందుకని దాన్ని వదిలేసే ల్యాబులున్నాయి. 1952లో బొంబాయిలో డాక్టర్ భెండె, ఆయన సహచరులు ప్రకటించిన బాంబే గ్రూపువాళ్లలో అసలు హెచ్ యాంటీజెనే ఉండదు. ఎ, బి జన్యువులున్నా తగిలించడానికి ఆధారం లేదు కాబట్టి ఫార్వర్డ్‌లో ఓ అనే వస్తుంది. వాళ్ల సీరంలో యాంటీ-హెచ్ ఉంటుంది, ఓ రక్తం ఎక్కిస్తే ప్రాణం మీదికి వస్తుంది. రివర్స్‌లో ఎ, బి, ఓ మూడూ ముద్ద కట్టి, ఆటో కంట్రోల్ నెగెటివ్‌గా ఉంటే ఆ మనిషిని వెంటనే పెద్ద బ్లడ్ సెంటర్‌కు పంపి యాంటీ-హెచ్‌తో నిర్ధారణ చేయించాలి. వాళ్ల అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు కూడా పరీక్ష చేయించమని చీటీ మీదే రాయండి. తల్లిదండ్రులు ఇద్దరూ లోపమున్న జన్యువును ఒక్కో కాపీ మోస్తుంటే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. రక్తం అవసరమైన రోజున ముందుగా వెతకాల్సింది వాళ్లనే.