అమెరికా చలికాలంలో స్పేస్ హీటర్: ఏ ఇంట్లో ఆదా, ఏ ఇంట్లో నష్టం

అమెరికాలోని చలి రాష్ట్రాలలో ఉంటున్న తెలుగు కుటుంబాలకు నవంబరు నుంచి మార్చి వరకు ఇంటిని వెచ్చగా ఉంచుకోవడమే ఒక పెద్ద ఖర్చు. ఇండియా నుంచి అమ్మానాన్నలో అత్తమామలో వచ్చి ఉన్న ఇంట్లో థర్మోస్టాట్ 70 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర ఆగదు, 75 దాకా వెళుతుంది. బిల్లు చూసి బెంబేలెత్తినవారు సాధారణంగా వెంటనే చేసే పని ఒక స్పేస్ హీటర్, అంటే ఒక్క గదిని వేడిచేసే చిన్న విద్యుత్ హీటర్, కొనడం. అయితే హీటర్ కొన్నంత మాత్రాన బిల్లు తగ్గదు. తగ్గేది ఇల్లంతటినీ వేడిచేసే థర్మోస్టాట్‌ను కిందికి దించినందువల్ల. అలా దించినప్పుడు మనుషులు కూర్చునే ఒక్క గదిని వెచ్చగా నిలపడం వరకే హీటర్ పని. థర్మోస్టాట్‌ను ముట్టుకోకుండా గదికొక హీటర్ పెట్టుకున్న ఇంట్లో ఖర్చు పెరిగి తీరుతుంది.

కాబట్టి మొదట తెలుసుకోవలసింది ఇల్లు దేనితో వేడెక్కుతున్నదనేది. మనం వాడుకలో యూనిట్ అనే ఒక కిలోవాట్ అవర్ కరెంటు 3,412 బీటీయూల (బీటీయూ అంటే వేడిని కొలిచే కొలత) వేడినిస్తుంది. గ్యాస్ బిల్లులో కనిపించే ఒక థెర్మ్ లక్ష బీటీయూలు, అంటే దాదాపు 29.3 యూనిట్ల కరెంటుతో సమానం. అందులో కొంత వేడి ఫర్నేస్, అంటే గ్యాస్‌ను కాల్చి ఇంటిని వేడిచేసే యంత్రం, పొగగొట్టం గుండా బయటికి పోతుంది. పాత ఫర్నేసులు సుమారు 80 శాతం వేడిని ఇంట్లోకి ఇస్తే, పొగలోని వేడిని కూడా రాబట్టుకునే కొత్త కండెన్సింగ్ ఫర్నేసులు 90 శాతం, అంతకు పైన ఇస్తాయి. థెర్మ్ ధర డాలరున్నర, ఫర్నేస్ సామర్థ్యం 90 శాతం అనుకుంటే, ఒక యూనిట్‌కు సమానమైన వేడి గ్యాస్ నుంచి 6 సెంట్ల లోపే వస్తుంది. అదే వేడి కరెంటు నుంచి కావాలంటే, యూనిట్ 16 సెంట్లున్న చోట 16 సెంట్లూ ఇచ్చుకోవాలి. హీటింగ్ ఆయిల్ గ్యాలన్‌లో సుమారు 1,38,500 బీటీయూలు, ప్రొపేన్ గ్యాలన్‌లో సుమారు 91,500 బీటీయూలు ఉంటాయి. ఆయిల్ గ్యాలన్ 3.75 డాలర్లు, బాయిలర్ సామర్థ్యం 85 శాతం అనుకుంటే యూనిట్ వేడికి దాదాపు 11 సెంట్లు పడుతుంది. ఈ ధరలు లెక్క చూపడానికి తీసుకున్నవి మాత్రమే. వీటి స్థానంలో మీ బిల్లులోని ధరలు వేసుకోవాలి. అలా వేసుకునేటప్పుడు సప్లయి, డెలివరీ అని విడివిడిగా చూపే రెండు ధరలనూ కలపాలి. వాడినా వాడకపోయినా తప్పని నెలవారీ స్థిర రుసుమును మాత్రం వదిలేయాలి.

ఇప్పుడు ఒక నెల లెక్క చూద్దాం. జనవరిలో బయట సగటున 30 డిగ్రీలుండగా ఇంటిని 70 దగ్గర ఉంచితే తేడా 40 డిగ్రీలు; గోడల గుండా, కిటికీల గుండా పోయే వేడి స్థూలంగా ఈ తేడాను బట్టే ఉంటుంది. థర్మోస్టాట్‌ను పగలూ రాత్రీ 62కు దించితే ఆ తేడాలో ఐదో వంతు తగ్గుతుంది. నెలకు 120 థెర్మ్‌లు, అంటే 180 డాలర్ల గ్యాస్ కాలే ఇంట్లో దీనివల్ల సుమారు 36 డాలర్లు మిగులుతాయి. 1,500 వాట్ల హీటర్‌ను ఒక గదిలో రోజుకు 8 గంటలు వేసి, దాని థర్మోస్టాట్ సగం సమయం ఆపుతూ ఉంటుందనుకుంటే రోజుకు 6 యూనిట్లు, నెలకు 180 యూనిట్లు ఖర్చవుతాయి. 16 సెంట్ల చొప్పున అది దాదాపు 29 డాలర్లు. ఇల్లంతా చల్లగా ఉంచుకుని మిగుల్చుకున్నది 7 డాలర్లు! హీటర్ ఆగకుండా తిరిగితే అదీ మిగలదు, పైగా చేతినుంచి పడుతుంది. అదే ఇల్లు ఆయిల్‌తో వేడెక్కుతుంటే అంతే వేడికి సుమారు 92 గ్యాలన్లు కావాలి, నెల ఖర్చు సుమారు 345 డాలర్లు, ఐదో వంతు 69 డాలర్లు. కరెంటు యూనిట్ 30 సెంట్లున్నా హీటర్‌కు 54 పోగా 15 డాలర్లు నికరంగా మిగులుతాయి. అందువల్ల గ్యాస్ చౌకగా దొరికే చోట స్పేస్ హీటర్‌ను ఆదా మార్గంగా కాక ఒక చల్లటి గదికి సర్దుబాటుగా చూడడమే సబబు. ఆయిల్, ప్రొపేన్, కరెంటు ఫర్నేసులున్న ఇళ్ళలో మాత్రం దీనికి నిజమైన చోటుంది.

కరెంటుతో వేడెక్కే ఇళ్ళలోనూ రెండు మినహాయింపులున్నాయి. గోడ అంచున బేస్‌బోర్డ్ హీటర్లుండి ప్రతి గదికీ విడిగా థర్మోస్టాట్ ఉంటే, కావలసిన గదినే వేడిచేసుకునే పని మీ ఇంట్లో ఇప్పటికే జరుగుతున్నట్లే. వాడని గదులలో వాటిని తగ్గిస్తే చాలు, మరొకటి కొనడం దండగ. బయటి గాలిలోని వేడిని లోపలికి తెచ్చే హీట్ పంప్ ఉన్న ఇంట్లోనైతే ఒక యూనిట్ కరెంటుకు రెండు మూడు యూనిట్ల వేడి వస్తుంది గనుక స్పేస్ హీటర్ దానితో పోటీ పడలేదు. పైగా హీట్ పంప్ థర్మోస్టాట్‌ను రాత్రి బాగా దించి ఉదయం ఒక్కసారిగా పెంచితే, ఖరీదైన ఆక్సిలరీ హీట్ (అందులోని అదనపు హీటర్) మొదలై మిగిల్చినది మింగేస్తుంది.

హీటర్ ఎంపికలో ప్రకటనలను నమ్మి డబ్బు తగలేయకూడదు. ఆయిల్ నింపిన రేడియేటరైనా, సిరామిక్ ఫ్యానైనా, ఇన్‌ఫ్రారెడ్ పెట్టె అయినా, 1,500 వాట్లు తీసుకుంటే గంటకు ఇచ్చేది దాదాపు 5,100 బీటీయూలే; నలభై డాలర్లదీ మూడు వందల డాలర్లదీ ఇందులో ఒక్కటే. తేడా వేడి చేరే తీరులో ఉంది. తలుపు మూసుకుని గంటల తరబడి పనిచేసుకునే గదికి చప్పుడు లేని ఆయిల్ రేడియేటర్ బాగుంటుంది. తలుపులు లేని పెద్ద బేస్‌మెంట్‌లో గాలిని వేడిచేయబూనడం వృథా కాబట్టి, కుర్చీలోని మనిషికే నేరుగా వేడి తగిలేలా ఇన్‌ఫ్రారెడ్ రకం పెట్టుకోవాలి. ఎనిమిదడుగుల పైకప్పున్న గదికి చదరపు అడుగుకు 10 వాట్లు అన్నది మోటు లెక్క. ఆ ప్రకారం ఒక హీటర్ 150 చదరపు అడుగుల గదికి సరిపోతుంది. ఏ రకమైనా దానికి సొంత థర్మోస్టాట్, ఒరిగితే ఆగిపోయే స్విచ్, భద్రతా పరీక్షలో నెగ్గినట్లు చూపే యూఎల్ లేదా ఈటీఎల్ ముద్ర తప్పనిసరిగా ఉండాలి. ఇండియా నుంచి తెచ్చిన 2,000 వాట్ల హీటర్ ఇక్కడి 120 వోల్టుల మీద నాలుగో వంతుకు కాస్త మించి మాత్రమే వేడినిస్తుంది కాబట్టి దానికోసం సూట్‌కేసులో చోటు వృథా చేయనవసరం లేదు.

హీటర్ పెట్టే గదిలోనే ఇంటి థర్మోస్టాట్ ఉంటే చిక్కు వస్తుంది: అది ఇల్లంతా వెచ్చగా ఉందని భ్రమపడి ఫర్నేస్‌ను ఆపేస్తుంది, పై అంతస్తులో పిల్లలు వణుకుతారు. ఎంత పొదుపు చేసినా ఇంటిని 55 డిగ్రీల కిందికి పోనివ్వకూడదు. బయటి గోడల వెంట ఉన్న నీటి పైపు గడ్డకట్టి పగిలితే అయ్యే మరమ్మతు ముందు ఏళ్ళ తరబడి చేసిన ఆదా కూడా చాలదు. వాడని గదులలో వేడి గాలి వచ్చే వెంట్లన్నీ మూసేయడం వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు, డక్టులలో ఒత్తిడి పెరగడం తప్ప. దానికంటే ముందు హీటరున్న గది కిటికీ సందులకు గాలి చొరబడనీయని పట్టీ (వెదర్ స్ట్రిప్) అంటించి, తలుపు కింద సందును మూసుకుంటే హీటర్ తిరిగే సమయమే తగ్గుతుంది.

పెద్దవారి గది విషయంలో లెక్క కొంత పక్కన పెట్టాలి. వయసు మీద పడినవారి ఒంటికి చలిని తట్టుకునే శక్తి తగ్గుతుంది గనుక వారుండే గది 68 డిగ్రీలకు తగ్గకూడదు. ఇల్లంతటినీ 75కు పెంచే బదులు ఇంటిని 68 దగ్గర నిలిపి, వారి గదిలో మాత్రం పగటి పూట రేడియేటర్ వేయడం గ్యాస్ ఇంట్లో కూడా సమంజసమే. కుర్చీలో కూర్చుని టీవీ చూసేటప్పుడు వంద వాట్ల విద్యుత్ దుప్పటి ఒకటి ఇస్తే 8 గంటలకు ఒక యూనిట్ కూడా కాలదు. అయితే మధుమేహం వల్ల కాళ్ళలో స్పర్శ తగ్గినవారికి తెలియకుండానే చర్మం కాలే ప్రమాదముంది కాబట్టి వారికి దుప్పటి కంటే స్వెటర్, సాక్సులే మేలు.

భద్రతను గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. 2022 జనవరి 9న న్యూయార్క్ నగరం బ్రాంక్స్‌లోని ఒక అపార్ట్‌మెంట్ భవనంలో స్పేస్ హీటర్ నుంచి మొదలైన మంటల పొగకు 17 మంది ప్రాణాలు పోయాయి. వారిలో 8 మంది పిల్లలు. హీటర్ చుట్టూ మూడడుగుల మేర ఏదీ ఉండకూడదు. చీర కొంగు, చున్నీ, మంచం మీది దుప్పటి, కర్టెన్ అన్నీ ఆ లెక్కలోకి వస్తాయి. ఎండ లేదని తడి తువ్వాళ్ళను రేడియేటర్ మీద ఆరవేసే అలవాటును పెద్దవాళ్ళకు నచ్చజెప్పి మాన్పించాలి. 1,500 వాట్ల హీటర్ 12.5 ఆంపియర్లు లాగుతుంది. 15 ఆంపియర్ల లైను సామర్థ్యంలో చాలా భాగం దానికే పోతుంది. కాబట్టి ఎక్స్‌టెన్షన్ వైరు, పవర్ స్ట్రిప్ వాడకుండా నేరుగా గోడ సాకెట్‌లోనే పెట్టాలి, అదే లైను మీద మరో పెద్ద వస్తువు వేయకూడదు. అరగంట తరువాత ప్లగ్గును తాకి చూసినప్పుడు వేడిగా ఉంటే ఆ సాకెట్ వాడకం ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. నిద్రపోయే ముందు, గది వదిలి వెళ్ళేటప్పుడు హీటర్‌ను ఆపాలి. రాత్రి చలికి పరుపును విద్యుత్ దుప్పటితో ముందుగా వెచ్చబరచుకుని, దాన్ని ఆపి పడుకోవడం ఎంతో క్షేమం.

అద్దె ఇళ్ళలో ఉండే విద్యార్థులు, కొత్తగా ఉద్యోగంలో చేరినవారు లీజు చూసుకోవాలి. అద్దెలోనే హీట్ కలిసి ఉన్నప్పుడు స్పేస్ హీటర్ వేస్తే యజమాని మోయవలసిన ఖర్చును మీ కరెంటు బిల్లులోకి తెచ్చుకున్నట్లే. న్యూయార్క్ నగరంలోనైతే అక్టోబరు 1 నుంచి మే 31 వరకు, బయట 55 డిగ్రీల కన్నా తక్కువ ఉన్న పగటి వేళ, ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా, ఇంట్లో కనీసం 68 డిగ్రీలు, రాత్రి కనీసం 62 డిగ్రీలు ఉంచడం యజమాని చట్టపరమైన బాధ్యత. ఉంచకపోతే నగర ఫోన్ నంబరు 311కు ఫిర్యాదు చేయవచ్చు.

నెల తిరిగాక ఫలితాన్ని డాలర్లలో చూసి సంతోషపడితే మోసపోతాం, ఎందుకంటే ధరలూ వాతావరణమూ రెండూ మారతాయి. గ్యాస్ బిల్లులోని థెర్మ్‌లను, కరెంటు బిల్లులోని యూనిట్లను నిరుటి ఇదే నెలతో పోల్చాలి. చాలా బిల్లులలో ఆ నెల సగటు ఉష్ణోగ్రత కూడా అచ్చువేసి ఉంటుంది కాబట్టి దాన్ని పక్కన పెట్టుకుని చూడాలి. హీటర్ నిజంగా ఎంత కాల్చిందో తెలియాలంటే 15 ఆంపియర్ల సామర్థ్యమున్న ప్లగ్-ఇన్ మీటర్‌ను సాకెట్‌కు పెట్టి, మీరు దగ్గరుండగా ఒక పగలంతా కొలిస్తే చాలు. వచ్చిన యూనిట్లను ముప్పైతో గుణించి పై లెక్కలో వేసుకోవచ్చు.