అక్షింతల పురుగు పిల్లలు నిలవట్లేదా? ముందు తల్లిని చూడండి

డాబా మీద బొబ్బర్ల కుండీలకి నల్ల పేనుబంక (మొక్కల రసం పీల్చే చిన్న పురుగులు) పట్టినప్పుడల్లా, దాన్ని తినేస్తాయని అక్షింతల పురుగుల్ని, అదే లేడీబర్డ్‌లని, డబ్బాలో పెంచి వదులుతుంటాను. నన్ను అడిగేవాళ్ళందరిదీ ఒకటే గోల, గుడ్లు పెడుతుందండీ, పిల్లలే రావట్లేదు, వచ్చినా నిలవట్లేదు అని. వెంటనే ఎండ మీదకో చీమల మీదకో తోసేస్తారు. అవీ ఉంటాయి కాదనను, కానీ చాలాసార్లు తేడా గుడ్డు బయటికి రాకముందే, తల్లి దగ్గరే మొదలవుతుంది. నేను పెంచేది మన దగ్గర ఎక్కడపడితే అక్కడ కనపడే రకం, పసుపు నారింజ వీపు మీద వంకర్లు తిరిగిన నల్ల గీతలుంటాయి చూడండి, అదే, కీలోమీనెస్ సెక్స్‌మాక్యులేటా.

సమస్య: గుడ్లు ఉన్నాయి, ఒక్క పిల్లా రాలేదు

పేరు పురుగుకి పెట్టారు గానీ నిజానికి అక్షింతల్లా ఉండేవి దాని గుడ్లే, పసుపు కలిపిన బియ్యం గింజల్ని ఆకు అడుగున గుంపుగా నిలబెట్టినట్టుంటాయి. మంచి గుడ్డయితే రెండు మూడు రోజులకి బూడిద రంగుకి తిరిగి పగులుద్ది. పసుపుగానే ఉండి ముడుచుకుపోయిందంటే మగపురుగు కలవలేదు, లేదా ఎప్పుడో ఒకసారి కలిసింది, తల్లి ఒంట్లో దాచుకున్న వీర్యం అయిపోయింది. ఇంకో మగదాన్ని వెయ్యండి, అది కూడా బయట చేలో పట్టుకొచ్చింది అయ్యుండాలి. ఒకే డబ్బాలో నాలుగైదు తరాలు పెంచితే మేనరికం కూడా కాదు, ఏకంగా అన్నాచెల్లెళ్ళ పెళ్ళే, దాంతో పిల్లలు తగ్గిపోతారు.

సమస్య: సగం పగులుతున్నాయి, సగం అలాగే ఉండిపోతున్నాయి

దీనికి రెండు కారణాలున్నాయి, కలిపెయ్యకండి.

ఒకటి ఆకలి. హార్మోనియా ఆక్సిరిడిస్ అనే ఆసియా రకం మీద కెనడాలో చేసిన ప్రయోగం 2005లో వచ్చింది. చుట్టూ పేనుబంక తక్కువగా ఉందని తెలిస్తే తల్లి పిల్ల రాని గుడ్లు ఎక్కువ పెట్టిందంట, ముందు పగిలిన పిల్లలకి అవే మొదటి భోజనం. అంటే మనం పాడైపోయినవి అనుకునేది అమ్మ కట్టిచ్చిన క్యారేజీ అన్నమాట! ఇది తెలియక నేను మొదట్లో పగలని గుడ్లన్నీ బూజు పడతాయేమోనని కుంచెతో దులిపేశా, పొద్దునే చూస్తే పిల్లలు ఆకు మీద నీరసంగా వేలాడుతున్నాయి, సాయంత్రానికి చాలావరకు పోయాయి. కాబట్టి గుడ్ల గుంపుని ముట్టుకోకండి, పిల్లలు దాని మీదే ఉండి తినేదాకా ఆగండి. తల్లికి మాత్రం నిజమైన పేనుబంక దండిగా పెట్టండి, పంచదార నీళ్ళతో అది బతుకుద్ది గానీ గుడ్లు సరిగ్గా పెట్టదు.

రెండోది బ్యాక్టీరియా. రెండు మచ్చల రకంలో, అదాలియా బైపంక్టేటాలో, వోల్బాకియా, రికెట్సియా, స్పైరోప్లాస్మా లాంటివి తల్లి నుంచి గుడ్డులోకి పోయి మగ పిండాల్ని చంపేస్తాయి. బతికిన అక్కచెల్లెళ్ళు ఆ గుడ్లే తినేస్తాయి. గుర్తుపట్టేదెలాగంటే తిండి ఎంత పెట్టినా అదే తల్లికి ప్రతిసారీ సగమే పగులుద్ది, పెరిగినవన్నీ ఆడవే. దాన్ని వేరే సీసాలో పెట్టి లెక్క రాసుకోండి, అనుమానం నిజమైతే దాన్నీ దాని కూతుళ్ళనీ గుడ్ల కోసం ఉంచుకోవద్దు. ల్యాబుల్లో యాంటీబయాటిక్ పెట్టి ఆ బ్యాక్టీరియాని పోగొడతారు, ఇంట్లో ఆ పని వద్దు. ఆ పురుగుల్ని కుండీల మీద వదిలెయ్యండి, పేనుబంక తినడానికి ఆడదైతే ఏంటి మగదైతే ఏంటి.

సమస్య: కుండీ నిండా పేనుబంక ఉంది, అయినా తల్లి అక్కడ గుడ్లు పెట్టదు

ఇది నాకు భలే నచ్చిన విషయం. పిల్ల పురుగులు నడిచిన చోట ఒక రసాయనం జాడ వదిలి వెళ్తాయి, తల్లి దాన్ని పసిగట్టి, ఇక్కడ పెడితే నా గుడ్లని ముందొచ్చినవి తినేస్తాయని తప్పుకుంటుంది. తిండి ఒక్కటే ఉంటే చాలదు, పోటీ కూడా లేనిచోట పెడుతుంది. కొత్తగా పేనుబంక పట్టిన వేరే మొక్క ఇవ్వండి, డబ్బా అయితే సబ్బుతో కడిగి అడుగున కాగితం మార్చండి. నేను ప్రతిసారీ కొత్త కాగితమే వేస్తాను.

సమస్య: పిల్లలు ఒకదాన్నొకటి తినేస్తున్నాయి

తల్లి విడివిడిగా వేరే వేరే చోట పెట్టిన గుడ్లని మీరు ఒకే డబ్బాలో పోశారు, అంతే. పెద్దవి చిన్నవాటిని తింటాయి, తల్లి కూడా ఆకలేస్తే తన గుడ్లే తినేస్తుంది, ఇందులో ప్రేమ గీమ ఏం లేదు. గుడ్లు పెట్టగానే తల్లిని తీసేసి, ఏ రోజువి ఆ రోజే విడిగా పెంచండి, డబ్బా మీద తేదీ రాయండి. నావి పాత ఆవకాయ సీసాలు, మూతకి బదులు పంచె గుడ్డ, రబ్బరు బ్యాండు. కారం వాసన పోయేదాకా నాలుగుసార్లు కడగాలి మరి.