పోయినవాళ్లని గ్రూప్ ఫోటోలో కూర్చోబెట్టడం ఎలా

పాత ఫోటోని కొత్త ఫోటోకి సరిపెట్టాలని చూడకండి. కొత్తదాన్నే పాతదానికి తగ్గట్టు తీయండి. నేను చెప్పే పద్ధతంతా దీని మీదే నడుస్తుంది.

చెన్నై వడపళనిలో మా చిన్న స్టూడియోకి సూళ్లూరుపేట, నాయుడుపేట వైపు నుంచి కూడా మనవాళ్లు వస్తుంటారు. పెళ్లిలో ఇంటిల్లిపాదీ పట్టుబట్టలతో దిగిన రంగుల ఫోటో ఒకటి, పెద్దాయనది ఎప్పటిదో బ్లాక్ అండ్ వైట్ పాస్‌పోర్ట్ ఫోటో ఒకటి చేతిలో పెట్టి, "అమ్మా, మా నాయన మధ్యలో కూర్చున్నట్టు చేసిపెట్టు" అంటారు. చేయొచ్చు. కానీ ఆ పెళ్లి ఫోటోలో వెలుగు వీడియో లైట్లది, పాస్‌పోర్ట్ ఫోటోలో వెలుగు స్టూడియోది. ఎంత బాగా కత్తిరించి పెట్టినా ఆయన ఒక్కరే వేరే చోటి నుంచి వచ్చినట్టుంటారు. ఆయన్ని మళ్లీ ఫోటో తీయలేం. మిగతావాళ్లంతా ఉన్నారు కదా, వాళ్లని మళ్లీ నిలబెట్టి తీద్దాం అంటాను. సగం మంది ఒప్పుకోరు, ఆ పెళ్లి ఫోటోయే కావాలంటారు. వాళ్ల సంగతి వేరే. ఒప్పుకునేవాళ్ల కోసం ఇది.

ముందు ఇంట్లో ఉన్న పాత ఫోటోలన్నీ తెప్పించండి. దండ వేసి గోడకి తగిలించిన ఫోటో అందరికీ ఇష్టం, నాకు మాత్రం దాని మీద నమ్మకం తక్కువ. చాలాసార్లు అది ఫోటోకి తీసిన ఫోటో. ఎవరో అప్పటికే ముఖం నున్నగా దిద్ది, లేని కోటు తొడిగి, వెనకాల నీలం రంగు పూసి ఉంటారు. అసలు ప్రింట్ ఆల్బమ్‌లోనో, పాత పాస్‌బుక్ మీదో, ట్రంకు పెట్టె అడుగునో ఉంటుంది. అది వెతికించండి. సెల్ఫీలు వద్దు. చేతి దూరంలో తీసిన ముఖంలో ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి, దాన్ని పది అడుగుల దూరం నుంచి తీసిన గ్రూప్‌లో పెడితే కుదరదు. అది లెన్స్ తప్పు కాదు, కెమెరా మరీ దగ్గరగా ఉండటం వల్ల వచ్చే తేడా. ఆరు అడుగులకీ పది అడుగులకీ ఉన్న తేడాని మాత్రం ఎవరూ పట్టుకోలేరు.

ఫోటో చిన్నదని టెన్షన్ పడకండి. పాస్‌పోర్ట్ సైజు ఫోటోలో తల ఎత్తు దాదాపు 3 సెంటీమీటర్లు ఉంటుంది. 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల లెక్కన, స్కాన్ చేస్తే ఆ తలకి 700 పిక్సెళ్లు వస్తాయి. 12 x 18 అంగుళాల ప్రింట్‌లో ఆరుగురు ఉంటే ఒక్కో తల అంగుళంన్నర మించదు, 300 డీపీఐ లెక్కన 450 పిక్సెళ్లు చాలు. అదే పాత గ్రూప్ ఫోటోలో తల అర సెంటీమీటరే ఉంటే 1200లో స్కాన్ చేసినా 240 పిక్సెళ్లు దాటవు. అప్పుడు ప్రింట్ సైజు సగానికి దించండి. ముఖం సాగదీయడం కన్నా ఫ్రేమ్ చిన్నది చేయడం నయం.

ఫోటో అద్దానికి అంటుకుపోయి ఉంటే లాగకండి. ఫోటో మీది జిలాటిన్ పొర తేమకి మెత్తబడి గాజుకి పట్టేస్తుంది, మన చెన్నై ఉక్కకి ఇది మామూలే. లాగితే ముఖం అద్దంతో పాటే వచ్చేస్తుంది. అద్దంతో సహా స్కానర్ మీద పెట్టండి. గరుకు పేపర్ మీద వేసిన పాత ప్రింట్లయితే స్కాన్‌లో ముఖం నిండా చిన్న చిన్న గుంతలు కనబడతాయి. స్కానర్ లైటు ఒకే పక్క నుంచి పడటం వల్ల వచ్చే గొడవ అది. ఒకసారి మామూలుగా, ఇంకోసారి ఫోటోని తలకిందులు చేసి స్కాన్ చేయండి. రెండోదాన్ని తిప్పి మొదటిదాని మీద సరిగ్గా పేర్చి, పై లేయర్ (పైన పేర్చిన పొర) ఒపాసిటీ 50 శాతం పెట్టండి, అంటే దాంట్లోంచి కిందిది సగం కనబడాలి. రెండు పక్కల నీడలూ కలిసి గరుకు చాలావరకు చచ్చిపోతుంది.

ఇక వెలుగు. ముక్కు నీడ ఏ చెంప మీద పడిందో చూడండి. గడ్డం కింద నీడ ఎంత గట్టిగా ఉందో చూడండి. ఫోటో స్పష్టంగా ఉంటే కంటి నల్లగుడ్డులో తెల్లటి మెరుపు చుక్క కనబడుతుంది, లైటు ఎక్కడ పెట్టారో అదే చెబుతుంది. చుక్క గడియారంలో పది దగ్గరుంటే లైటు మీ ఎడమ పక్క పైన ఉందన్నమాట. గడ్డం అడుగు భాగం కనబడితే కెమెరా కిందుగా ఉంది, నడినెత్తి కనబడితే ఎత్తుగా ఉంది. ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకోండి.

వెలుగు ఎడమ నుంచి ఉంటే కుడికి కావాలని ఫోటోని అద్దంలోలా తిప్పేస్తుంటారు చాలామంది. ఆడవాళ్ల పైట కుడి భుజం మీదకి పోతుంది, చొక్కా జేబు కుడి పక్కకి వస్తుంది. వాటిని దిద్దినా పాపిడి మారుతుంది, పుట్టుమచ్చ మారుతుంది. ఏం మారిందో ఇంట్లోవాళ్లు చెప్పలేరు గానీ, "ఎందుకో మా అమ్మలా లేదండీ" అంటారు. తిప్పకండి.

ఇప్పుడు కుటుంబాన్ని తీయడం. పాత ఫోటో స్టూడియోలో ఒక పక్క లైటుతో తీసిందైతే మీకు స్టూడియో కూడా అక్కర్లేదు. హాల్లో పెద్ద కిటికీ ఆ పక్కకి వచ్చేలా కుర్చీలు వేయండి, కిటికీకి తెల్ల పంచె కట్టండి, అవతలి పక్క ఒకరి చేత థర్మోకోల్ షీట్ పట్టించండి. నీడ ఎక్కువగా కావాలంటే షీట్ దూరంగా, తక్కువ కావాలంటే దగ్గరగా. పాత ఫోటో ఎర్రటి ఎండలో తీసిందైతే వీళ్లనీ మధ్యాహ్నం మేడ మీదకి ఎక్కించండి. కళ్లు చిట్లిస్తారు, చిట్లించనివ్వండి, ఆయనా చిట్లించే ఉంటారు. కెమెరా మీది ఫ్లాష్ ముఖాన కొట్టినట్టుంటే మీరూ అదే ఫ్లాష్ కొట్టండి. ఫోటోగ్రాఫర్లకి ఇది మనసొప్పదు, ఎవరూ కావాలని అంత చప్పటి వెలుగు వాడరు. ఇక్కడ మాత్రం అదే సరైన వెలుగు.

ఖాళీ కుర్చీ వదిలి తీస్తే చాలదు. అదే ఒడ్డూ పొడుగూ ఉన్న తమ్ముడినో, అల్లుడినో, పక్కింటాయన్నో అందులో కూర్చోబెట్టండి. పెద్దాయన వేసుకునే లాంటి చొక్కా, పంచె, కండువా ఉండాలి. వీలైతే ఆయనవే తీయించండి. బీరువాలోంచి ఆ చొక్కా తీసేటప్పుడు ఇంట్లోవాళ్లు ఏడుస్తారు, అప్పుడు తొందరపెట్టకండి. ఇలా కూర్చోబెట్టడం వల్ల వచ్చే లాభం పెద్దది. ఒళ్లు, చేతులు, కుర్చీ మీద పడే నీడ, పక్కావిడ చీర మీద పడే నీడ, మనవరాలు భుజం మీద వేసిన చెయ్యి, ఇవన్నీ నిజంగానే ఫోటోలో పడిపోతాయి. మీరు మార్చాల్సింది తల ఒక్కటే.

ట్రైపాడ్ కదపకుండా మూడు రకాలు తీయండి: ఆయన బదులు మనిషి కూర్చుని, కుర్చీ ఖాళీగా, అసలెవరూ లేకుండా. కెమెరా మాన్యువల్‌లో ఉండాలి, అంటే వెలుగు, ఫోకస్ దానంతట అదే మార్చుకోకూడదు. ఫోన్ అయితే తెర మీద వేలితో నొక్కి పట్టుకుంటే వెలుగు, ఫోకస్ లాక్ అవుతాయి. కెమెరా ఎత్తు ఇందాక కాగితం మీద రాసుకున్నదే. స్టూడియో ఫోటోలకి చాలావరకు కూర్చున్నవాళ్ల కంటి ఎత్తు సరిపోతుంది.

కంప్యూటర్ పని ఫోటోషాప్‌లో చేసినా, ఉచితంగా దొరికే గింప్‌లో చేసినా ఒకటే. తల చుట్టూ ఉన్నదాన్ని ఎరేజర్‌తో చెరిపేయకండి, మాస్క్ వేయండి. మాస్క్‌లో నలుపు పూస్తే దాగుతుంది, తెలుపు పూస్తే తిరిగొస్తుంది. మా మావయ్య ఇక్కడి సినిమా స్టూడియోల్లో కెమెరా అసిస్టెంట్‌గా చేసేవారు. డబుల్ యాక్షన్ సీన్‌కి లెన్స్ ముందు సగం నల్ల అట్టతో మూసి ఒకసారి, ఫిల్మ్ వెనక్కి చుట్టి రెండో సగం మూసి ఇంకోసారి తీసేవాళ్లట. అతుకు గీత స్తంభం మీదో తలుపు అంచు మీదో పడేట్టు చూసుకునేవాళ్లట. ఫోటోల్లో అయితే ఈ విద్య ఇంకా పాతది. ఇంగ్లండ్‌లో హెన్రీ పీచ్ రాబిన్సన్ 1858లోనే 5 నెగటివ్‌లు కలిపి ఒక కుటుంబ దృశ్యం తయారుచేశాడు. ఫోటోషాప్‌లో లేయర్లు వచ్చింది 1994లో.

మావయ్య చెప్పిన స్తంభం మనకి చొక్కా కాలర్. పాత ఫోటోలోంచి తలతో పాటు మెడ కూడా తీసుకుని, అతుకు కాలర్ లోపలి నీడలో పడేలా మాస్క్ వేయండి. మెడ మధ్యలో ఎప్పుడూ అతకకండి. తల సైజు అదే వరసలో కూర్చున్న, అదే వయసు మగవాళ్లతో పోల్చి పెట్టుకోండి. ఇంటి పెద్ద కదా అని కాస్త పెద్దగా పెట్టమంటారు, వినకండి. అంచు కత్తితో కోసినట్టు ఉండకూడదు. 200 శాతం జూమ్ చేసి పక్కమనిషి చెంప అంచు ఎన్ని పిక్సెళ్లలో కరుగుతోందో చూసి అంతే మెత్తదనం ఇవ్వండి, సాధారణంగా ఒకటి రెండు పిక్సెళ్లు. తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద నల్ల జుట్టు అయితే జుట్టు అంచుల వరకు మల్టిప్లై మోడ్ (కిందున్నదాన్ని ముదురు చేస్తూ కలిసే పద్ధతి) పెడితే తెలుపు దానంతట అదే పోతుంది, వెంట్రుకలు మిగులుతాయి. నెరిసిన జుట్టుకి ఈ సుళువు లేదు, సన్న బ్రష్‌తో కూర్చుని గీయాల్సిందే.

రంగు జోలికి ముందే పోకండి. అన్నిటికంటే పైన ఒక బ్లాక్ అండ్ వైట్ అడ్జస్ట్‌మెంట్ లేయర్ పెట్టి నలుపు తెలుపుల్లో చూడండి. ఆయన కంటిగుడ్డు నలుపు, పక్కవాళ్ల కంటిగుడ్డు నలుపు ఒకే మోతాదులో ఉన్నాయా? పాత ఫోటోలు వెలిసిపోయి నలుపు బూడిద రంగులోకి వచ్చేస్తుంది. కర్వ్స్‌తో (వెలుగు నీడల మోతాదు మార్చే సాధనం) ముందు నలుపు, తర్వాత నుదుటి మీది మెరుపు సరిచేయండి. ఈ రెండూ కుదిరితే మధ్యవి వాటంతట అవే దారికొస్తాయి. ఆ తర్వాత పై లేయర్ తీసేసి చర్మం రంగు చూడండి.

పాతది బ్లాక్ అండ్ వైట్ అయితే నేను ఆయనకి రంగు వేయను, అందరికీ రంగు తీసేస్తాను. "పట్టుచీరలు కట్టుకున్నాం, రంగులు పోతాయా?" అని అడుగుతారు. ఆ చీరలతో ఆయన లేని రంగుల ఫోటో ఒకటి విడిగా ఇవ్వండి, గొడవ ఉండదు. మొత్తం ఫోటోకి కొంచెం గోధుమ ఛాయ కలిపితే రెండు కాలాలూ ఇంకా దగ్గరవుతాయి.

షార్ప్‌నెస్ కూడా అంతే. ఆయన ముఖాన్ని షార్ప్ చేయకండి, మిగతావాళ్లకి అర పిక్సెల్ నుంచి ఒక పిక్సెల్ దాకా బ్లర్ ఇవ్వండి. పాత స్కాన్‌లో ఉన్న గ్రెయిన్ (ఇసుక చల్లినట్టుండే చుక్కలు) కొంచెం తగ్గించి, చివర్లో ఒకే గ్రెయిన్ అందరి మీదా వేయండి. 50 శాతం బూడిద రంగు లేయర్‌ని ఓవర్‌లే మోడ్‌లో (ఆ బూడిద రంగు కనబడకుండా పోయే పద్ధతి) పెట్టి, దానికి ఒకే రంగు నాయిస్ (ఆ ఇసుక చుక్కలే) కలిపితే సరి. అప్పటిదాకా విడివిడిగా తేలుతున్న ముక్కలు ఈ ఒక్క లేయర్‌తో కాగితానికి అంటుకుంటాయి. గడ్డం నీడ కాలర్ మీద పడేలా మల్టిప్లైలో ముదురు గోధుమ రంగు పూయండి, నలుపు వద్దు.

ఫోన్లో ఒక్క నొక్కుతో పాత ముఖాన్ని కొత్తగా చేసిచ్చే ఏఐ యాప్‌లు ఉన్నాయి. గీతలు, మరకలు తీయడానికి అలాంటివి వాడినా తప్పు లేదు. ముఖం మీద మాత్రం వద్దు. స్కాన్‌లో లేని కనురెప్పల వెంట్రుకలు, లేని పళ్లు అది సొంతంగా ఊహించి పెడుతుంది. కొడుకులకి నచ్చుతుంది, భార్య మాత్రం చూసీ చూడగానే కాదంటుంది. కొంచెం మసకగా ఉన్నా ఆయన ముఖమే ఉండనివ్వండి.

అయ్యాక వెంటనే ప్రింట్‌కి పంపకుండా రాత్రి వదిలేసి పొద్దున చూడండి. చూడ్డానికి మాత్రం అద్దంలోలా తిప్పి ఒకసారి, గోరంత సైజులో ఒకసారి చూస్తే తప్పులు బయటపడతాయి. తర్వాత ఆ కుటుంబంతో పరిచయం ఉన్న ఒకరికి చూపించి, బాగుందా అని అడక్కుండా, ఎవరెవరున్నారో వరసగా చెప్పమనండి. గబగబా పేర్లు చెప్పుకుంటూ ఆయన దగ్గర ఆగి కళ్లు చిన్నవి చేశారంటే ఇంకా పని ఉంది.

ప్రింట్ మ్యాట్ పేపర్ మీద వేయించండి, గ్లాసీలో అతుకులు త్వరగా కనబడతాయి. కలిపి చేసిన ఫోటో అని, ఏ సంవత్సరమో వెనకాల రాసివ్వండి. ఇరవై ఏళ్ల తర్వాత పిల్లలు తాతయ్య ఆ రోజు నిజంగానే అక్కడున్నారని వాదించుకోకుండా ఉంటారు. ఆస్తి గొడవకో ఇన్సూరెన్స్‌కో సాక్ష్యంగా పెడతామని ఎవరైనా అంటే ఆ పని ఒప్పుకోవద్దు, ఎంత ఇచ్చినా సరే.

జేపెగ్ (లేయర్లన్నీ ఒకటైపోయిన మామూలు ఫోటో ఫైల్) ఇచ్చేసి లేయర్లున్న ఫైల్ డిలీట్ చేయకండి. ఏడాది తిరిగేసరికి, కొత్త కోడలొచ్చింది, ఆమెనీ చేర్చండి అని ఫోన్ వస్తుంది. లైటు ఏ పక్క, కెమెరా ఎంత ఎత్తు, ఎన్ని అడుగుల దూరం అన్న కాగితం కూడా ఆ ఫైల్‌తోనే దాచుకోండి. ఆమెనీ అలాగే తీయాలి.