పాస్‌వర్డ్ మార్చినా అతనికి అన్నీ తెలిసిపోతున్నాయా? లక్షణాన్ని బట్టి కారణం, పరిష్కారం

ఇంటర్, డిగ్రీ చదివే అమ్మాయిలు ఫోన్ తెచ్చి "హ్యాక్ అయింది" అన్నప్పుడల్లా నేను మొదట అడిగేది ఒక్కటే: ఈ ఫోన్ కొన్న రోజున దీన్ని సెట్ చేసి ఇచ్చింది ఎవరు? కాస్త తటపటాయించి "అతనే" అనే జవాబు చాలాసార్లు వస్తుంది. ప్రేమిస్తున్నానన్న అబ్బాయి మీ చాట్‌లు చదువుతున్నా, మీరు చెప్పకుండానే మీరెక్కడున్నారో తెలుసుకుంటున్నా, అందుకు హ్యాకింగ్ విద్య అవసరమైన సందర్భాలు బహు అరుదు. అబ్బాయిల ఫోన్లపై అమ్మాయిలు ఇలా నిఘా పెట్టిన సందర్భాలూ ఉన్నాయి. పరీక్షించే పద్ధతి ఇద్దరికీ ఒకటే.

పని మొదలుపెట్టే ముందు ఒక జాగ్రత్త. మీరు దారి మూయగానే అవతలివారికి ఆ విషయం తెలిసిపోతుంది. బెదిరింపులు, చేయి చేసుకోవడం ఇప్పటికే ఉంటే ఇంట్లోగానీ కాలేజీలోగానీ నమ్మకమైన పెద్దవారికి చెప్పి, ఆధారాలు భద్రపరచుకున్న తరువాతే ఈ మార్పులు చేయండి. ఆ ఆధారాలను మీ ఫోన్‌లో స్క్రీన్‌షాట్లుగా కాక, వేరొకరి ఫోన్‌తో ఫొటోలుగా తీయించండి. కారణం కింద తెలుస్తుంది.

లక్షణం: స్నేహితురాలికి రాసిన మాటలు అతని నోట వస్తున్నాయి

వాట్సాప్‌లో పైన మూడు చుక్కలు నొక్కి, లింక్డ్ డివైజెస్ తెరవండి. నిమిషం కూడా పట్టని ఈ పరీక్షను వదిలేసి, షాపుకు వెళ్ళి డబ్బు కట్టి ఫోన్‌ను ఫార్మాట్ చేయించుకుని వచ్చేవారిని చూసి విసిగిపోయాను. ఒక ఖాతాకు మీ ఫోన్ కాక మరో 4 పరికరాలను జతచేయవచ్చు. ఒకసారి జతపడ్డాక మీ ఫోన్ ఆఫ్‌లో ఉన్నా సందేశాలు అక్కడికి చేరుతూనే ఉంటాయి. మీకు తెలియని కంప్యూటరో బ్రౌజరో కనిపిస్తే దాన్ని నొక్కి లాగ్ అవుట్ చేయండి.

అంతటితో ఆగితే రేపు మళ్ళీ జతపడుతుంది, ఎందుకంటే ఫోన్ లాక్ తీయగలిగినవారే ఈ పని చేయగలరు. లాక్ పిన్ మార్చి, సెట్టింగ్స్‌లో వేలిముద్రల జాబితా కూడా చూడండి. అందులో రెండు ముద్రలుండి మీరు పెట్టింది ఒక్కటే అయితే, ఆ రెండోది ఎవరి వేలో ఆలోచించనక్కరలేదు, తీసేయండి. ఇన్‌స్టాగ్రామ్‌లో ఇదే పరీక్షను అకౌంట్స్ సెంటర్‌లోని పాస్‌వర్డ్ అండ్ సెక్యూరిటీ కింద చేయవచ్చు. మీ ఖాతా ఏయే పరికరాల్లో తెరిచి ఉందో అక్కడ కనిపిస్తుంది.

లక్షణం: ఎక్కడికి వెళ్ళినా అతనికి తెలిసిపోతోంది

వాట్సాప్ లైవ్ లొకేషన్ ఒకసారికి 8 గంటలకు మించి నడవదు కనుక, రోజుల తరబడి తెలుస్తుంటే కారణం అది కాదు. గూగుల్ మ్యాప్స్‌లో మీ ఫొటో నొక్కి లొకేషన్ షేరింగ్ చూడండి. ఎప్పుడో ఊరికి బస్సులో ఒంటరిగా వెళ్తున్న రోజున "క్షేమంగా చేరావో లేదో చూసుకుంటాను" అంటే ఆన్ చేసి, ఆపేవరకూ నడిచేలా వదిలేసినది అక్కడ ఉండవచ్చు. స్నాప్‌చాట్ వాడేవారు మ్యాప్‌లో తమ జాడ ఎవరికీ కనిపించకుండా చేసే ఘోస్ట్ మోడ్ పెట్టుకోవాలి.

లక్షణం: పాస్‌వర్డ్ మార్చిన రోజే కొత్తది కూడా అతనికి తెలిసిపోయింది

అందరినీ తప్పుదారి పట్టించేది ఇదే. ఇన్‌స్టాగ్రామ్ పాస్‌వర్డ్ ఎన్నిసార్లు మార్చినా ఫలితం ఉండదు. దాంతో ఫోన్‌లో ఏదో గూఢచారి యాప్ ఉందని భయపడి, ఉన్న యాప్‌లన్నీ తీసేస్తారు. అసలు లోపం ఇన్‌స్టాగ్రామ్‌లో లేదు, దాని కింద ఉన్న గూగుల్ ఖాతాలో ఉంది.

జరిగేది ఇది. ఫోన్ కొత్తగా కొన్నప్పుడు అతనే జీమెయిల్ తెరిచి ఇచ్చాడు, లేదా మీ జీమెయిల్‌తోనే తన ఫోన్‌లో ఒకసారి లాగిన్ అయ్యాడు. మీరు ఇన్‌స్టాగ్రామ్‌కు కొత్త పాస్‌వర్డ్ పెట్టగానే దాన్ని దాచమంటారా అని ఫోన్ అడుగుతుంది, అలవాటుగా సేవ్ నొక్కుతారు. అది గూగుల్ పాస్‌వర్డ్ మేనేజర్‌లోకి చేరి, అదే ఖాతా ఉన్న అతని ఫోన్‌లోనూ ప్రత్యక్షమవుతుంది. అంటే కొత్త పాస్‌వర్డ్‌ను మీ చేత్తోనే అతనికి పంపినట్టే. కాంటాక్ట్స్ సింక్ ఆన్‌లో ఉంటే మీరు కొత్తగా సేవ్ చేసుకున్న నంబర్లూ, పేర్లూ అదే దారిన వెళ్తాయి. ఫొటోల బ్యాకప్‌లో స్క్రీన్‌షాట్ల ఫోల్డర్ ఉంటే, అతనిమీద ఫిర్యాదు కోసం మీరు దాచుకున్న ఆధారాలను కూడా అతనే ముందు చూస్తాడు. వేరే ఫోన్‌తో ఫొటోలు తీయించమన్నది అందుకే.

ఇది అర్థమైనవారు కూడా గూగుల్ పాస్‌వర్డ్ ఒక్కటి మార్చి ఊరుకుంటారు. అది చాలదు. గూగుల్ పాస్‌వర్డ్ మారితే చాలా పరికరాలు సైన్ అవుట్ అవుతాయి గానీ, లాగిన్ అయ్యేది మీరేనని ధ్రువీకరించడానికి వాడే పరికరం మాత్రం అవ్వకపోవచ్చు. "ఇది మీరేనా" అనే ప్రశ్న అతని ఫోన్‌కు వెళ్తోందంటే, ఆ ఫోన్ అలాగే లోపల మిగిలిపోవచ్చు. అందుచేత వరుస తప్పకుండా చేయాలి. గూగుల్ ఖాతా సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ భాగానికి వెళ్ళి, యువర్ డివైజెస్ జాబితాలో మీవి కాని ఫోన్లను ఒక్కొక్కటిగా సైన్ అవుట్ చేయండి. పాస్‌కీల (పాస్‌వర్డ్ అడగకుండా ఫోన్ లాక్‌తోనే ఖాతా తెరిచే తాళాలు) జాబితాలో అతని పరికరానిది ఉంటే తొలగించండి. రికవరీ ఫోన్ నంబరు, రికవరీ మెయిల్ మీవేనా అని అంకె అంకె చదివి చూసి, కాకపోతే మార్చండి. ఆ తరువాతే కొత్త పాస్‌వర్డ్, దానిపైన రెండంచెల ధ్రువీకరణ పెట్టండి. చివరగా కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, ఫార్వర్డింగ్‌లో తెలియని చిరునామా లేదని చూసుకుని, అప్పుడు ఇన్‌స్టాగ్రామ్ సంగతికి రండి.

ఇంత చేసినా ఒక వారం కన్నేసి ఉంచాలి. రికవరీ వివరాలు మార్చాక కూడా 7 రోజులపాటు పాత నంబరుకో పాత మెయిల్‌కో ధ్రువీకరణ కోడ్ పంపే అవకాశాన్ని గూగుల్ ఉంచుతుంది. ఖాతా దొంగ చేతిలో పడ్డప్పుడు అసలు యజమానిని కాపాడటానికి పెట్టిన ఏర్పాటు ఇక్కడ ఎదురు తిరుగుతుంది. ఆ జీమెయిల్ మొదటి నుంచీ అతను తెరిచినదే అయితే ఈ తంటాలన్నీ పడకుండా, మరొకరి ఫోన్‌లో కొత్త ఖాతా తెరిచి దానికి మారిపోవడమే నయం.

లక్షణం: ఫోన్‌లో ఏ లోపమూ లేదు, అయినా అతనికి అన్నీ తెలుస్తున్నాయి

అయితే తెలిసే దారి మీరో, మీ ఇద్దరికీ తెలిసిన స్నేహితురాలో అయి ఉంటారు. "నమ్మకముంటే పాస్‌వర్డ్ ఇవ్వు" అనడం, లాస్ట్ సీన్ చూసి రాత్రి ఎవరితో మాట్లాడావని నిలదీయడం, క్లాసులో ఉన్నావని ఫొటో పంపమనడం, నిద్రపోయేదాకా వీడియో కాల్ కట్ చేయనివ్వకపోవడం వంటివాటికి సెట్టింగ్స్‌లో మందు లేదు. లాస్ట్ సీన్ దాచుకుంటే ఎందుకు దాచావన్న గొడవ మొదలవుతుంది. కనుక పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వనని ఒకసారి స్పష్టంగా చెప్పండి. ఆ మాటకు బెదిరింపు జవాబుగా వస్తే ఇక అది ఫోన్ సమస్య కాదు.

ఫోన్ లాక్కుంటారనీ, చదువు మాన్పిస్తారనీ భయపడి చాలామంది ఇంట్లో చెప్పరు. తల్లిదండ్రులు ఆ భయాన్ని నిజం చేస్తే, బిడ్డ తరువాతి బెదిరింపును మరింత లోతుగా దాస్తుంది.

చట్టం విషయానికొస్తే, స్త్రీ ఇంటర్నెట్, ఈమెయిల్ వాడకాన్ని పురుషుడు గమనిస్తూ ఉండటం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. మొదటిసారి రుజువైతే 3 ఏళ్ళ వరకు శిక్ష పడవచ్చు. 18 ఏళ్ళలోపు వారి నగ్న చిత్రాల జోలికి వెళ్తే పోక్సో చట్టం వర్తిస్తుంది. అలాంటి ఫొటోలు బయటపెడతానని బెదిరిస్తుంటే, అవి ఆన్‌లైన్‌లో వ్యాపించకుండా అడ్డుకునే ఉచిత సేవలున్నాయి: 18 ఏళ్ళు నిండకముందు తీసిన ఫొటోలకు టేక్ ఇట్ డౌన్, నిండాక తీసినవాటికి స్టాప్ ఎన్‌సీఐఐ వాడవచ్చు. రెండింటిలోనూ ఫొటోను ఎక్కడికీ పంపనక్కరలేదు, దాని డిజిటల్ ముద్ర మాత్రమే వెళ్తుంది. సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930 ప్రధానంగా డబ్బు మోసాలకు ఉద్దేశించినది. ఇలాంటి వాటికి జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లోని మహిళలు, పిల్లల విభాగం, పిల్లలకైతే 1098, మహిళలకైతే 181 హెల్ప్‌లైన్లు సరైన దారులు. తెలంగాణలో పోలీసుల షీ టీమ్స్‌నూ ఆశ్రయించవచ్చు.

అరుదైనవి

సిమ్ క్లోనింగ్ అంటూ ఎవరైనా చెబితే పట్టించుకోకండి. కాల్ సెట్టింగ్స్‌లో కాల్ ఫార్వర్డింగ్ ఒకసారి చూడండి, చాలు. గూఢచారి యాప్ అనుమానముంటే, హానికర యాప్‌లను పట్టే గూగుల్ ప్లే ప్రొటెక్ట్ ఆన్‌లో ఉందా, తెరమీది విషయాలూ వచ్చే సందేశాలూ చదవనిచ్చే యాక్సెసిబిలిటీ, నోటిఫికేషన్ యాక్సెస్ అనుమతులు తెలియని యాప్‌కు ఉన్నాయా అని చూడండి. తప్పనిసరై ఫ్యాక్టరీ రీసెట్ చేసినా, అది పూర్తయ్యాక అతనికి తెలిసిన పాత జీమెయిల్‌తోనే మళ్ళీ లాగిన్ అవ్వకండి.