జర్మన్ కంపెనీల అత్యవసర నోట్లు సేకరించడం ఎలా?

1923లో జర్మనీలో ధరలు పూటపూటకూ పెరిగిపోయాయి. కేంద్ర బ్యాంకు అయిన రైష్‌బ్యాంక్ రాత్రింబవళ్లు అచ్చేసినా జీతాలివ్వడానికి నోట్లు చాలలేదు. దాంతో పట్టణాలు, రైల్వే, కంపెనీలు సొంతంగా నోట్లు వేసుకున్నాయి. వీటినే నోట్‌గెల్డ్ అంటారు. వీటన్నిట్లో నాకు కంపెనీ నోట్లంటేనే మక్కువ, ఎందుకంటే అవి కార్మికుల జీతాల కోసం వేసినవి.

మొదట హద్దు గీసుకోండి. రకాలు వేలల్లో ఉన్నాయి, అన్నీ కొనాలంటే తెమిలే పని కాదు. ఒక ఊరో, ఒక పరిశ్రమో చాలు. రసాయనాల కంపెనీలతో మొదలుపెడితే మనకు తెలిసిన బేయర్, బీఏఎస్‌ఎఫ్ లాంటివి దొరుకుతాయి. వెతికేటప్పుడు పాత పేర్లు వాడాలి. అప్పట్లో బీఏఎస్‌ఎఫ్ పేరు ‘బాడిషె అనిలిన్ ఉండ్ సోడా ఫాబ్రిక్’.

తర్వాత సున్నాలు చదవడం నేర్చుకోండి. మిలియన్ అంటే పది లక్షలు, మిలియార్డె అంటే 100 కోట్లు. జర్మన్ బిలియన్ అంటే లక్ష కోట్లు! 1923 నవంబరులో డాలరు 4.2 లక్షల కోట్ల మార్కులకు (మార్కు అంటే అప్పటి జర్మన్ కరెన్సీ) చేరింది. అదే నెలలో వచ్చిన కొత్త కరెన్సీ రెంటెన్‌మార్క్ ఒక్కటి లక్ష కోట్ల పాత మార్కులకు సమానం. కాబట్టి అంకె పెద్దదని ఎక్కువ ధర పెట్టకండి. అరుదుదనం సున్నాల్లో ఉండదు.

కొనే ముందు నోటు రెండు వైపులా ఫొటోలు అడగండి. కంపెనీ పేరు, ఊరు, తేదీ, సీరియల్ నంబరు, సంతకం, ముద్ర ఒక్కొక్కటిగా చూడండి. వెనకవైపు ఖాళీగా ఉంటే కంగారు పడకండి, తొందరలో చాలా వాటిని ఒకవైపే అచ్చేశారు. పాత విలువ మీదే కొత్త విలువ అచ్చేసినవీ ఉన్నాయి. నాకు అవే ఎక్కువ ఇష్టం: అచ్చేసిన నోటు వాడేలోపే చిల్లరైపోయిన సంగతి ఆ సిరాలోనే కనిపిస్తుంది. ‘ఎంట్‌వెర్టెట్’ అన్న ముద్ర ఉంటే రద్దయిన నోటని అర్థం. 1921, 1922ల్లో పట్టణాలు వేసిన రంగురంగుల బొమ్మల సెట్లు చాలావరకు సేకర్తల కోసమే అచ్చేసినవి. వాటిని జీతాల నోట్లని అమ్మజూపితే వదిలేయండి.

అమ్మేవాళ్లు కెల్లర్ నంబరు చెబితే, అది నోట్‌గెల్డ్ నోట్లకు నంబర్లు వేసిన ఆర్నాల్డ్ కెల్లర్ కేటలాగులోని నంబరు. దాన్ని బట్టి వేరే అమ్మకాల ధరలతో పోల్చుకోండి.

ఇంటికొచ్చాక లామినేషన్, సెలోటేపు, ఇస్త్రీ జోలికి పోవద్దు. పీవీసీ లేని పాలిస్టర్ కవర్లలో పెట్టండి. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో ఉంటే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, అప్పుడప్పుడు మార్చండి. వివరాలు వేరే చీటీ మీద రాసుకోండి, నోటు మీద పెన్సిల్ గీత కూడా పెట్టవద్దు.