కవలల కేసులో ‘ఫీటై’ అని రాయకండి

నెల్లూరు, కావలి వైపు నర్సింగ్ చదివే అమ్మాయిలకు ఒక మాట. కవలలున్న కేసు షీటులో ఫీటస్‌కు, అంటే కడుపులోని బిడ్డకు, బహువచనంగా ‘ఫీటై’ అని రాయకండమ్మా. ఫంగస్‌కు ఫంజై ఉంది గదా అని ఇదీ అట్లే అనిపిస్తుంది. కానీ లాటిన్‌లో ఫంగస్ వర్గం వేరు, ఫీటస్ నాలుగో వర్గం నామవాచకం. బహువచనంలోనూ అదే మాట, చివరి ఉకారం మాత్రం దీర్ఘమవుతుంది. సైనస్‌దీ ఇదే దారి. ఇంగ్లీషులో ఫీటసెస్ అని రాయండి, చాలు.

అర్థం ఎంత బాగుంటుందో! మనం గేదె ఈనింది, వరి ఈనింది అంటాం చూడండి, అట్లాగే రోమన్లు పశువు పిల్లకూ చెట్టు కాపుకూ ఈ మాటే వాడారు. బ్రిటిష్ స్పెల్లింగు foetus లోని ‘ఓ’ అక్షరం అసలు లాటిన్‌లో లేదు, తర్వాత చేరింది. ఇంకోటి, ఫలదీకరణ జరిగి 8 వారాలు నిండేదాకా రాయాల్సింది ఎంబ్రియో (పిండం) అనే. అది గ్రీకు మాట.