మాస్ట్ ఎక్కించడానికి సాయం వెళ్తున్నవాళ్లకి

ఏప్రిల్ వచ్చిందంటే ఇంగ్లండ్‌లో సౌతాంప్టన్ పక్కన హాంబుల్ నది ఒడ్డున బోట్ యార్డుల్లో కాలు పెట్టడానికి చోటుండదు. చలికాలమంతా ఒడ్డున పెట్టిన పడవల్ని నీళ్లలోకి దించి, విప్పి ఉంచిన మాస్టుల్ని, అంటే తెరచాప కట్టే పొడవాటి స్తంభాల్ని, మళ్లీ నిలబెట్టే రోజులవి. ఇక్కడ ఉద్యోగం చేస్తున్న మనవాళ్లెవరికైనా ఆఫీసులో పడవ ఉన్న స్నేహితుడుంటే, "శనివారం ఖాళీయేనా, మాస్ట్ ఎక్కించాలి, ఒక చెయ్యి వేస్తావా" అన్న పిలుపు ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. తప్పకుండా వెళ్లండి. కానీ ఏం చేయాలో కొంచెం తెలుసుకుని వెళ్లండి.

నేను సాయం చేసేది వెస్టర్లీ సెంటార్ అనే 26 అడుగుల పడవకి. 1969 నుంచి 1980 దాకా రెండు వేలకు పైగా తయారయ్యాయి, ఇప్పటికీ చాలా రేవుల్లో కనిపిస్తాయి. మాస్ట్ డెక్ (పడవ పైతలం) మీదే నిలబడుతుంది, పడవ లోపలికి దిగదు. అంటే దాన్ని పడిపోకుండా ఆపేవి చుట్టూ ఉన్న స్టీలు తీగలే: ముందుకి ఫోర్‌స్టే, వెనక్కి బ్యాక్‌స్టే, రెండు పక్కలా ష్రౌడ్లు. ఒక్కో తీగని పట్టి ఉంచేది చిటికెన వేలంత పిన్ను, ఆ పిన్ను జారకుండా చూసేది సన్నటి స్ప్లిట్ పిన్ను. అందుకే ఈ పనిలో బలం కంటే చూపు ముఖ్యం.

క్రేన్‌తో ఎత్తడం పది నిమిషాల పని. అసలు పనంతా అంతకుముందు, మాస్ట్ ఇంకా స్టాండ్ల మీద పడుకుని ఉన్నప్పుడే ఉంటుంది. పైకి లేచాక మళ్లీ మాస్ట్ పై కొస దగ్గరికి వెళ్లాలంటే మనిషిని తాడు కట్టి ఎక్కించాలి కాబట్టి అక్కడున్న ప్రతిదీ నేల మీదే చూసేయండి. ముందు ప్రతి తీగ మీదా ఒక పాత గుడ్డని ఆ చివర నుంచి ఈ చివర దాకా లాగండి. ఎక్కడైనా పోగు తెగి ఉంటే గుడ్డ అక్కడ చిక్కుకుంటుంది (చేత్తో మాత్రం తడమకండి, అది బ్లేడులా కోస్తుంది). ఒక్క పోగు తెగినా ఆ తీగ మార్చాల్సిందే. తీగ టెర్మినల్‌లోకి (చివరన ఉండే లోహపు తొడుగులోకి) దూరే చోట తుప్పు గీత, పగులు ఉన్నాయేమో టార్చి వేసి చూడండి. కొసన ఉన్న లైటుని బ్యాటరీ పెట్టి వెలిగించి చూడండి. తెరచాప ఎత్తే తాళ్లు, అంటే హాలియార్డులు, కప్పీల మీద సాఫీగా తిరుగుతున్నాయా, ఒకదానికొకటి మెలిపడ్డాయా చూసి కింద గట్టిగా కట్టేయండి. పోర్ట్ పక్క (ముందుకి చూస్తే ఎడమ) తీగలకి ఎర్ర టేపు, స్టార్‌బోర్డ్ పక్క (కుడి) వాటికి ఆకుపచ్చ టేపు చుట్టి, అన్నింటినీ సన్నటి తాడుతో మాస్ట్‌కి కట్టేస్తే పైకి లేచేటప్పుడు ఊగిపోవు.

కింద తీగల్ని బిగించే బాటిల్ స్క్రూలని దాదాపు పూర్తిగా వదులు చేసి, మరలకి లానోలిన్ (గొర్రె ఉన్ని నుంచి తీసే జిడ్డు) రాయండి. స్టెయిన్‌లెస్ స్టీలు మరలు పొడిగా తిప్పితే ఒకదాన్నొకటి పట్టేస్తాయి, తర్వాత కోసి తీయడమే దారి.

మాస్ట్ కింద నాణెం పెట్టే ఆచారం ఒకటుంది. 1962లో లండన్ బ్లాక్‌ఫ్రయర్స్ దగ్గర థేమ్స్‌లో దొరికిన రోమన్ పడవలో, మాస్ట్ కూర్చునే గుంటలో డొమిషియన్ చక్రవర్తి నాటి నాణెం ఉంది, అంత పాతది ఇది. మేము స్టీలు రూపాయి బిళ్లని టేపులో చుట్టి పెట్టాం. రాగి నాణెం వద్దు, తడిలో అల్యూమినియంని తినేస్తుంది.

ఇక ఎత్తడం. తలపైన కరెంటు తీగలు లేవని ముందే చూసుకోండి, మాస్ట్ అల్యూమినియం. గాలి గట్టిగా ఉంటే పని వాయిదా వేయండి. క్రేన్ పట్టీని స్ప్రెడర్ల (మాస్ట్‌కి రెండు పక్కలా చాచి ఉండే అడ్డకడ్డీల) కింద, మాస్ట్ బరువు రెండు వైపులా సమానంగా తూగే చోటుకి పైన వేసి, ఆ పట్టీ పైకి జారకుండా దాన్నించి ఒక తాడు మాస్ట్ అడుగుకి కట్టాలి. క్రేన్ నడిపే మనిషికి సైగ చేసేది ఒక్కరే, మిగతావాళ్లు నోరు మూసుకోవాలి. మీకు బహుశా మాస్ట్ అడుగు పట్టుకునే పని ఇస్తారు: దాన్ని డెక్‌కి తగలకుండా నడిపించి, మెల్లగా కూర్చోబెట్టాలి, వైర్లు కింద నలగకుండా చూడాలి. ఎత్తిన బరువు కింద మాత్రం నిలబడకండి. పిన్ను రంధ్రం సరిపడిందో లేదో వేలు పెట్టి ఎప్పుడూ చూడకండి, స్క్రూడ్రైవర్ కొస పెట్టండి.

పక్కలకి రెండు క్యాప్ ష్రౌడ్లు (మాస్ట్ పై కొస దాకా వెళ్లేవి), ఫోర్‌స్టే, బ్యాక్‌స్టే, ఈ నాలుగింటికీ పిన్నులు పడి, వాటిలో స్ప్లిట్ పిన్నులు కూడా దిగేదాకా క్రేన్ కొక్కెం వదలనివ్వకూడదు. వెనక ఇంకో పడవ వరసలో ఉందని ఎవరు తొందర పెట్టినా సరే.

తర్వాత బిగింపు. అన్నీ చేత్తో బిగించాక మెయిన్ హాలియార్డ్ కొసని ఒక పక్క ష్రౌడ్ అడుగు దాకా లాగి గుర్తు పెట్టుకుని, రెండో పక్కకి తీసుకెళ్లి చూడండి. గుర్తు అక్కడే పడితే మాస్ట్ నిటారుగా ఉన్నట్టు. ఇక క్యాప్ ష్రౌడ్లు ఈ పక్క ఎన్ని చుట్లు తిప్పితే ఆ పక్కా అన్నే. ఎంత బిగించాలో తెలియడానికి 2 మీటర్ల కర్ర పైకొసని తీగకి టేపుతో అంటించి, కింది కొస టెర్మినల్ అంచుకి సరిగ్గా తగిలేలా పెట్టండి. బిగించేకొద్దీ అక్కడ ఖాళీ పడుతుంది. 19 పోగుల తీగకి, లావు ఎంతైనా, ప్రతి 1 మిల్లీమీటరు ఖాళీ ఆ తీగ తెగే బరువులో 5 శాతం. మేము 3 మిల్లీమీటర్ల దగ్గర ఆపుతాం. మాస్ట్ మధ్య దాకానే వెళ్లే కింది ష్రౌడ్లతో మాస్ట్ నడుము సరిచేయడం ఆ తర్వాతే. తెరచాప ఎక్కే గాడిలోంచి ఒక కన్ను మూసి పైకి చూస్తే వంకర ఇట్టే తెలుస్తుంది.

మొదటి ఏడాది నేను ఒక బాటిల్ స్క్రూకి స్ప్లిట్ పిన్ను "రేపు పెడదాంలే" అని వదిలేశాను. రెండు వారాల తర్వాత చూస్తే అది ఎన్నో చుట్లు దానంతటదే విప్పుకుని ఉంది, ఇంకో వారం ఆగి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ భయం వేస్తుంది. అప్పట్నించీ ఎవరూ అడగకపోయినా అన్ని పిన్నులూ ఒక చుట్టు తిరిగి నేనే తాకి చూస్తాను. స్ప్లిట్ పిన్ను కాళ్లు పూర్తిగా వెనక్కి మడవక్కర్లేదు, కొంచెం విడదీస్తే చాలు, అవసరమైతే తొందరగా తీయొచ్చు. కొసలు తెరచాపని చింపకుండా పైన టేపు చుట్టండి. అయితే టేపు మొదటి ప్రయాణం అయ్యాకే చుట్టాలి, ఎందుకంటే ఓ మోస్తరు గాలిలో పడవ ఒరిగినప్పుడు గాలికి అవతలి పక్క ష్రౌడ్ వేలాడుతూ ఊగితే, ఒడ్డుకి వచ్చి రెండు పక్కలా ఇంకో అర చుట్టు బిగించాల్సి ఉంటుంది.